తమరుముందు ఊరి మూడు బీగాల తల్లి

పూర్వం పెన్నకు దక్షిణాన, వాన కురిస్తే పండుగగానూ కురవకపోతే వలసగానూ బతుకు సాగే ఎర్రనేల సీమను పెద్ద ఓబళనాయకుడనే పాలెగాడు ఏలుతూ ఉండేవాడు. ఆయన దానకర్ణుడనీ, శత్రుభయంకరుడనీ, ప్రజావత్సలుడనీ ఆయనే చెక్కించుకున్న శాసనంలో ఉంది గనుక ఆ మాటలు ఇక్కడ మళ్ళీ రాయనక్కరలేదు. ఒకానొక కరువులో జనం ఆయన గాదెలు కొల్లగొట్టి తిన్న తరువాతనే ఆ మహానుభావుడికి ప్రజలమీద అపారమైన కరుణ జనించింది. వెంటనే ఒక గుట్టమీద, కిటికీ అన్నది లేకుండా, దళసరి రాతిగోడలతో ఒక కొఠారు కట్టించి, పండిన ఏడాది ఇంటింటినుంచీ కొన్ని కొర్రలు తెచ్చి అందులో పోయాలనీ, ఎండిన ఏడాది దాన్ని తెరిచి అందరికీ పంచాలనీ ఆజ్ఞాపించాడు.

గుట్టకింది ఊళ్ళో అప్పటికే మూడు మతాలవాళ్ళు కాపురముంటున్నారు. శివాలయం జంగమయ్యల చేతిలో ఉండేది, దర్గా ముజావర్ల చేతిలో ఉండేది, కొత్తగా వచ్చిన క్రీస్తు మతస్థులకు బోదకప్పు వేసిన ప్రార్థనామందిరమూ, దానికొక ఉపదేశీ ఉండేవారు. కొఠారును ఏ ఒక్కరికి అప్పగించినా తనవాళ్ళకే పంచిపెట్టుకుంటాడని నాయకుడికి అనుమానం. అందువల్ల తలుపుకు అడ్డంగా ఒక ఇనుపగడియ వేయించి, దానికి మూడు బీగాలు పెట్టించి, ఒక బీగంచెవి జంగం బసవలింగయ్యకూ, ఒకటి ముజావరు బుడన్ సాహెబుకూ, ఒకటి ఉపదేశి రాయప్పకూ ఇచ్చాడు. ముగ్గురూ కలిసివచ్చి ఎవరి బీగం వాళ్ళు తీస్తే తప్ప ఆ తలుపు కదలదు. ఈ ముగ్గురికీ సమ్మతి సభ అని పేరు పెట్టి, ఊరి తగవులూ ఉత్సవాలూ కూడా వాళ్ళకే అప్పగించి, ఆయన నిశ్చింతగా వేటకు వెళ్ళిపోయాడు.

ఆ సభ మొదట్లో చాలా బాగా నడిచింది, ఆ మాట దాచకూడదు. పీర్లు గుడివీధిలో సాగేటప్పుడు బసవలింగయ్య తన శంఖం పక్కన పెట్టి పీర్లమీద పూలు చల్లేవాడు. రథం కదిలేనాడు రాయప్ప మోకుతాడు పట్టేవాడు. క్రీస్తు పుట్టిన పండుగకు బుడన్ సాహెబు పన్నీరు పంపేవాడు. ఏటేటా కొర్రలు పోయడానికి గుట్టెక్కినప్పుడు మాత్రం ఒక ముచ్చట జరిగేది. రాయప్ప తన బీగంచెవి చేతబట్టుకుని, వంగి, "తమరు ముందు" అని బసవలింగయ్యకు దారి ఇచ్చేవాడు. బసవలింగయ్య రెండడుగులు వెనక్కివేసి, "ఎంతమాట, తమరు ముందు" అని బుడన్ సాహెబుకు చెయ్యి చూపేవాడు. సాహెబు సలాము చేసి, "నహీ నహీ, తమరు ముందు" అని మళ్ళీ రాయప్పవైపు తిరిగేవాడు. ఈ మర్యాద చూడడానికి పొరుగూళ్ళనుంచి కూడా జనం వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళట. చివరికి ముగ్గురిలో పెద్దవాడైన బుడన్ సాహెబే నవ్వి, "మీ మర్యాదలతో నా మోకాళ్ళు పోతాండాయప్పా" అని తన బీగం తీసేవాడు, తక్కిన రెండూ వెంటనే తెరుచుకునేవి. మంచికాలంలో మర్యాదకు ఖర్చేమీ ఉండదు.

కొర్రలను కొఠారులో పోసేముందు చెరిగి తాలు తీసే పని సుంకమ్మ అనే ఒక ఒంటరి ఆడమనిషిది. పెనిమిటి ఒక కరువులో వలసపోయి తిరిగిరాలేదు. పుల్లమ్మ అనే ఒక్కగానొక్క కూతురు. సుంకమ్మ గుళ్ళో దీపం పెట్టేది, దర్గాలో ఊదు వేసేది, మందిరం ముంగిట కసవు ఊడ్చేది. ఇంతకూ నీది ఏ మతమే అని ఎవరైనా ఎకసెక్కంగా అడిగితే, "నాది చేట మతం సామీ. గట్టిగింజ నిలుపుతాది, తాలు ఎగరగొడతాది" అనేది. ఈ నోటిదురుసు వల్ల ఆమె అంటే పెద్దలకు లోపల భయం, పైకి చులకన.

అలా ఉండగా వరుసగా వానలు తప్పాయి. చెరువు నెర్రెలిచ్చింది, పశువులు పడిపోయాయి, జనం బలుసాకు ఉడకబెట్టుకు తిని, అదీ అయిపోయాక కలబంద దుంపలు తవ్వుకున్నారు. సమ్మతి సభ వాళ్ళు ఊరికే కూర్చోలేదు. బసవలింగయ్య, ఊరిబావి అడుగున మిగిలిన నీళ్ళన్నీ మోయించి, లింగం మునిగేదాకా గర్భగుడిలో పోయించాడు. బుడన్ సాహెబు తనవాళ్ళను బయలుకు తీసుకుపోయి, అంగీ తిరగేసి తొడుక్కుని వాన నమాజు చేయించాడు. రాయప్ప మరియమ్మ స్వరూపాన్ని భుజానికెత్తుకుని, మండే రాళ్ళమీద వట్టికాళ్ళతో పొలిమేర చుట్టి వచ్చాడు. వాన రాలేదు. కొఠారునిండా కొర్రలు ఉన్నాయి. ముగ్గురి నడుములకూ బీగంచెవులు వేలాడుతున్నాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే, కాన్పుకని పుట్టింటికొచ్చిన పుల్లమ్మ ప్రసవమై ఆడపిల్లను కన్నది. బాలింతకు గంజిచుక్క లేదు, కనుక పసిగుడ్డుకు పాలచుక్క లేదు. పసిది ఏడ్చినంతసేపు సుంకమ్మ ఓర్చుకుంది. ఏడుపు సన్నగిల్లి పిల్లికూన మూలుగులా అయిపోయేసరికి చేట కింద పెట్టి బసవలింగయ్య ఇంటికి నడిచింది.

"సామీ, గింజ లేక నా మనవరాలు పోయేటట్టుంది. కొఠారు తియ్యండి."

బసవలింగయ్య కఠినుడు కాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. "తల్లీ, ఇప్పుడు నేను ముందుగా బీగం తీసినానంటే శివుడు వాన ఇయ్యడని నేనే దండోరా వేసినట్టు గాదా? సాహెబుగారు పెద్దలు. ఆయన్ను ముందు తియ్యమను. నేను వెనకాలే వచ్చి తీస్తా" అన్నాడు.

సుంకమ్మ దర్గాకు పోయింది. బుడన్ సాహెబు ఆమెను కూర్చోమని, ఉన్న కాసిని నీళ్ళూ ఇచ్చాడు. "బేటీ, మొన్ననే గదా నమాజు చేస్తిమి. అల్లా ఇయ్యలేదని నా నోటితో నేనెట్ల ఒప్పుకునేది? నా వాళ్ళు నన్ను నిలబెట్టి అడగరా? రాయప్పను అడుగు, దయగల మనిషి, ఆయన ముందు తీస్తే నాకు అడ్డం లేదు" అన్నాడు.

రాయప్ప ఆమెకోసం మోకరించి ప్రార్థన కూడా చేశాడు. లేచి, "అమ్మా, విశ్వాసమంటే కనిపెట్టుకుని ఉండడమే. మేము ఈ ఊరికి నిన్న వచ్చినోళ్ళం. నేను ముందు తీస్తే, ఈ కొత్తదేవుడు అప్పుడే చేతులెత్తేసినాడని నవ్వరా? గుడి పాతది. పాతోళ్ళను ముందు తియ్యమను" అన్నాడు.

"బాగుంది సామీ," అంది సుంకమ్మ. "ముగ్గురు దేవుళ్ళూ ఒకరికొకరు సిగ్గుపడతాండారు. ఆ సిగ్గుకు నా పిల్ల పీనుగైతాంది."

ఆమె ఊరకుండలేదు. వీధివీధికీ తిరిగి గొంతు చించుకుంటే, లేవగలిగిన వాళ్ళంతా లేచి, మరునాడు ఆ ముగ్గురినీ గుట్టెక్కించారు. తలుపుముందు మొత్తం ఊరు నిలబడింది. రాయప్ప వంగి, "తమరు ముందు" అన్నాడు. బసవలింగయ్య రెండడుగులు వెనక్కివేసి, "తమరు ముందు" అన్నాడు. బుడన్ సాహెబు సలాము చేసి, "తమరు ముందు" అన్నాడు. మాటలు పాతవే, వంగడం పాతదే, చేతులు చూపిన తీరూ పాతదే, కాని ఈసారి ఎవరూ నవ్వలేదు, ఎవరి మోకాళ్ళూ నొప్పి పెట్టలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. జపవేళ అయిందని ఒకరు, నమాజువేళ అయిందని ఒకరు, ప్రార్థనవేళ అయిందని ఒకరు దిగిపోయారు. ముగ్గురి ఇళ్ళలోనూ నైవేద్యానికని, ఫాతిహాకని, పండుగకని దాచిన గింజలు ఇంకా కొన్ని ఉన్నాయన్న సంగతి ఇక్కడ చెప్పడం న్యాయం.

సుంకమ్మ వాళ్ళ వెనక దిగి, ఇంటికి పోయి, రోకలి భుజాన వేసుకుని మళ్ళీ ఎక్కింది. ముందు ఏ బీగాన్ని కొట్టిందో ఎవరూ చూడలేదు, ఆమే చూసుకోలేదు. కొట్టగా కొట్టగా మూడూ విరిగాయి. ఆ సాయంత్రం ఊళ్ళో ప్రతి పొయ్యిమీదా కొర్రగంజి ఉడికింది. పుల్లమ్మ రొమ్ములో పాలు దిగాయి. పసిది గుటకలు వేసిన చప్పుడు విని సుంకమ్మ గోడకు జేరగిలబడి, ఇక చాలు, ఇప్పుడేమైనా సరే అన్నదట.

అయింది. కడుపునిండా కొర్రగంజి తాగిన సమ్మతి సభ వెంటనే సమావేశమైంది. మూడు బీగాలు పగలగొట్టడమంటే మూడు మతాల ఒడంబడికను పగలగొట్టడమేననీ, ఇవాళ దీన్ని సహిస్తే రేపు ఏ కట్టూ నిలవదనీ, నేరస్థురాలిని ఊరినుంచి వెలివేయాలనీ తీర్పు చెప్పారు. ఇన్ని వారాలు ఒక్క బీగంచెవి తిప్పడానికి పొత్తు కుదరని ఆ ముగ్గురికీ ఈ తీర్పు చెప్పడానికి కునుకుపాటుసేపు కూడా పట్టలేదు. ఎవరూ ఎవర్నీ ముందు మాట్లాడమని బతిమాలుకోలేదు. ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు.

తెల్లవారి పొలిమేర దాటించేదాకా ఉంచడానికి చోటేదని వెతికితే, జనం గింజలు మూటలకెత్తగా ఖాళీ అయిన కొఠారే కనపడింది. సుంకమ్మను లోపలికి తోసి, నేరానికి వాడిన ఆయుధమని రోకలిని కూడా లోపలేసి, నాయకుడి కోటనుంచి తెప్పించిన కొత్తబీగాలు మూడు వేసి, బీగంచెవులు తలొకటి తీసుకున్నారు. ముందు బీగం తీసినవాడే ఆమె చెయ్యి పట్టుకుని పొలిమేర దాటించాలని కూడా నియమం పెట్టుకున్నారు.

తెల్లవారింది. జనం మళ్ళీ గుట్టెక్కారు. ఆమె గింజలు ఇంకా వాళ్ళ పొట్టల్లో ఉన్నాయి. ఊరికి అన్నం పెట్టినదాని చెయ్యి పట్టుకుని ఈడ్చేవాడు ఎవడా అని అందరి కళ్ళూ ఆ ముగ్గురిమీదే ఉన్నాయి. రాయప్ప వంగాడు. "తమరు ముందు." బసవలింగయ్య వెనక్కి జరిగాడు. "తమరు ముందు." బుడన్ సాహెబు సలాము చేశాడు. "తమరు ముందు."

అప్పుడు తలుపు లోపలినుంచి నవ్వు వినపడింది. గలగలా, పగలబడి, పొట్ట పట్టుకుని నవ్విన నవ్వు.

పుల్లమ్మ బిడ్డను చంకనేసుకుని గోడ పట్టుకుంటూ వచ్చి తలుపుమీద వాలింది. బాలింత, చేతుల్లో సత్తువ లేదు. "అమ్మా, ఎట్లుండావే" అని ఏడ్చింది. "నాకేమే, రాణీవాసం. నువ్వీడ నిలబడి ఎండదెబ్బ తగిలించుకోవాకు. ఇంటికిపోయి గంజి తాగి పిల్లకు పాలియ్యి. నేను బీగాలు పగలగొట్టింది నువ్వు ఏడ్చేదానికి గాదు" అని లోపలినుంచి గొంతు పలికింది. పుల్లమ్మ ఆ ముగ్గురి కాళ్ళమీదా పడింది. ముగ్గురూ ఆమెను ఎంతో గౌరవంగా లేవనెత్తారు.

ఆ మరునాడూ వచ్చారు, ఆ మరునాడూ వచ్చారు. మర్యాద ఏ ఒక్కరోజూ తగ్గలేదు. నవ్వు మాత్రం తగ్గుతూ వచ్చి, ఒక పూట వినపడలేదు. ఊళ్ళో రోకళ్ళు లేవా? ఇంటింటికీ ఉన్నాయి. మోసే భుజాలు లేవా? గంజి తాగి తేరుకున్నాయి. పెద్దలు ఏదో ఒకటి తేలుస్తారులే అని ఊరు ఊరంతా కొర్రలు దంచుకుంటూ కూర్చుంది. ఆ తల్లి దగ్గర తప్పు చేసింది ముగ్గురేనని చెప్పుకోవడం ఆ ఊరికి తరువాత అలవాటైంది.

చివరికి మృగశిర కార్తె ప్రవేశించిననాడు ఉరుము ఉరిమి, చెరువులు తెగేటంత వాన కురిసింది. ఆ ఉరుముకు కొఠారు తలుపున ఉన్న మూడు బీగాలూ వాటంతట అవే ఊడి కిందపడ్డాయి. ఏది ముందు పడిందో చెప్పడానికి వీలులేకుండా మూడూ ఒక్కసారే, ఒక్కచప్పుడుతో పడ్డాయి. తలుపు తెరుచుకుంది. లోపల సుంకమ్మ లేదు. ఆమె రోకలి నేలలో నిలువునా దిగి రాయైపోయి ఉంది. దానిచుట్టూ వెలుగెరుగని ఆ నేలమీద, రాలిన కొర్రగింజలు మొలకెత్తి, పచ్చగా వెన్నువేసి ఉన్నాయి.

ఈ మహిమను మూడు మతాలవారూ తక్షణమే అంగీకరించారు. ఆమె అంకాళమ్మ అంశ అని బసవలింగయ్యా, వలీ బీబీ అని బుడన్ సాహెబూ, మరియమ్మ పంపిన పునీతురాలని రాయప్పా ప్రకటించారు. దేహం దొరకకపోవడం ఆమె ఊరికి చేసిన చివరి ఉపకారం. దొరికి ఉంటే, ఏ పద్ధతిలో సాగనంపాలో తేలేలోపల ఎన్ని మర్యాదలు జరిగేవో!

నాటినుంచి ఆ ఊరికి తమరుముందు అని పేరు వచ్చింది. ఇప్పుడు రోడ్డుపక్క బోర్డుమీద తామరముందు అని రాసి ఉంటుంది. తామరపూలు ఎక్కడున్నాయని చదువుకున్నవాళ్ళు వచ్చి అడుగుతారు. ఆ గుట్టమీద తామరపువ్వు ఏనాడూ పూయలేదు.

సమ్మతి సభ నేటికీ ఉంది, సర్వమత సమ్మతి సమితి అని పేరు కాస్త పొడవైంది. కొఠారు గోడకు బిగించిన పాలరాతి పలకమీద ముగ్గురు పెద్దల పేర్లూ ఉన్నాయి, సుంకమ్మ పేరు లేదు. మృగశిర మొదటినాడు సమితివారు ముగ్గురూ శాలువాలు కప్పుకుని గడపముందు నిలబడి, పూర్వాచారం ప్రకారం వంగి, వెనక్కి జరిగి, సలాము చేసి, తమరు ముందు, తమరు ముందు అనుకుంటారు. ఎక్కడెక్కడినుంచో వచ్చిన అతిథులు ఆ సామరస్యాన్ని చూసి చప్పట్లు కొట్టి ఫోటోలు తీసుకుంటారు.

సరిగ్గా ఆ చప్పట్ల మధ్యలోనే, కిందినుంచి మూడు వీధుల ఆడవాళ్ళూ రోకళ్ళు భుజాన వేసుకుని ఎక్కివస్తారు. ముందు నడిచేది పుల్లమ్మ కూతురి వంశంలో పుట్టిన ఆడపిల్ల. ఆ పిల్ల శాలువాల వెనక నిలబడి, "జరగండయ్యా, పొద్దుపోతాంది" అంటుంది. వాళ్ళు జరుగుతారు, జరగాలి. ఆడవాళ్ళు లోపలికి పోయి రాతిరోకలి చుట్టూ కొర్రలు దంచి, అక్కడే గంజి కాచి, గుట్టెక్కిన ప్రతివాడికీ పోస్తారు. ఆ వరుసలో ఎవడైనా మర్యాదకు పక్కవాడితో తమరు ముందు అన్నాడో, పోసే మనిషి గరిటె కుండలో వేసి చేతులు కట్టుకుంటుంది. అతడు చెంపలు వేసుకుని తన గిన్నె తనే ముందుకు చాచేదాకా గంజి కదలదు.

ఈ స్థలమహిమ చదివినవారికి సంతానమో సంపదో కలుగుతుందని రాయడానికి నాకు ధైర్యం చాలదు. మీ నడుమున ఒక బీగంచెవి ఉండి, తలుపు దగ్గర ఎవరో నిలబడి ఉంటే, పక్కవాడి ముఖం చూడకుండా తిప్పండి. ఆ తల్లి కోరిన మొక్కు అదొక్కటే. ఇంతవరకూ ఎవరూ చెల్లించలేదు.