అరుగు దాటని జప్తు

జిల్లేళ్ల వాగు ఒడ్డున కాపురముండే జంతువులకు అన్నీ ఉన్నాయి, పన్నుతో సహా. వాగుకు అడ్డంగా ఒక మట్టికట్ట ఉంది. అది తెగితే దిగువనున్న కొంపలన్నీ కొట్టుకుపోతాయి కాబట్టి ఏటా ఇంటికి ఐదు కుంచాల జొన్నలు జంతువుల సభకు కొలవాలి. ఆ జొన్నలతో పందికొక్కులకు కూలిచ్చి కట్ట పూడ్పిస్తారు. కట్టకు బొరియలు పెట్టేదీ పందికొక్కులే, పూడ్చినందుకు కూలి పుచ్చుకునేదీ పందికొక్కులే. ఆ సంగతి ఎత్తుకుంటే ఇవాళ్టికి తెమలదు, వదిలేద్దాం.

పన్ను తప్పని నేననను. నా కోపమంతా దాన్ని వసూలు చేసే పద్ధతి మీద. బాకీ పడ్డవాళ్ల మీదికి సభ ఒక జప్తు బంట్రోతును పంపేది. ఆ బంట్రోతు గుంటనక్క జంబయ్య. అతనికి సభ జీతమంటూ ఏమీ ఇవ్వదు. జప్తుకని బాకీదారు గడప తొక్కిన ప్రతిసారీ ఆ బాకీదారే ఒక కుంచెడు జొన్నలు బత్తెం కింద ఇచ్చుకోవాలి. ఇంకేముంది, ఎవరి బాకీ ఎంత ఆలస్యంగా తీరితే జంబయ్యకు అంత లాభం.

జంబయ్య అరిచేవాడు కాదు, తిట్టేవాడు కాదు. మిట్టమధ్యాహ్నం వచ్చి, పైపంచెతో మొహం తుడుచుకుని, గుక్కెడు మంచినీళ్లు అడిగేవాడు. అక్కడే ఉంది కిటుకంతా. ఆ వాగు ఒడ్డున గుమ్మంలో నిలబడ్డవాణ్ణి లోపలికి పిలవకపోవడమంటే తలవంపులు. పగవాడొచ్చినా "అయ్యో, బయటే నిలబడ్డావేం, లోపలికి రా" అనేస్తారు. ఆ మాటే జంబయ్యకు కావాలి. ఇంటాయన నోటితో రమ్మంటే తప్ప బంట్రోతు గడప దాటకూడదని సభ కట్టుబాటు. రమ్మన్నాక మాత్రం కంటికి కనిపించిందల్లా రాసుకోవచ్చు, మోసుకుపోవచ్చు. నిరుడు వేసవిలో కుందేలు సీతాలు పాపం మజ్జిగిచ్చి మరీ కూర్చోబెట్టింది. తాగి, మూతి తుడుచుకుని, వెళ్తూ వెళ్తూ ఆ ఇంటి తలుపే ఊడబీక్కుపోయాడు. అప్పట్నుంచి ఆ పిల్లలు గుమ్మానికి చాప కట్టుకుని పడుకుంటున్నారు.

ఇక మన పుల్లన్న. ఎర్రటి ఎద్దు, మంచివాడు. మంచివాడంటే ఎవరికీ కాదని చెప్పలేనివాడు. అతని జోడెద్దు కర్రన్న గాలికుంటు జబ్బు సోకి పోయి రెండేళ్లయింది. ఒంటెద్దుకు సేద్యం లేదు, సేద్యం లేకపోతే కూలి లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా రెండేళ్ల పన్ను, పది కుంచాలు, బాకీ పడింది. సభ నుంచి మూడు తాఖీదులు వచ్చాయి. మూడింటినీ మడత విప్పకుండా చూరులో దోపాడు. చదవని తాఖీదు అందనట్టేనని అతని లెక్క.

అతనికి మిగిలిందల్లా ఒక నాగలి, ఒక కాడి. తొలకరి పడగానే జత కడతానని ఎగువ వాగు ఎద్దు చుక్కన్న మాటిచ్చాడు. చుక్కన్నకు ఒళ్లుంది గానీ నాగలి లేదు. నాగలుంటేనే జత అన్నాడు. అప్పటికే కొండ మీద మబ్బులు కమ్ముతున్నాయి. నాగలి ఇంకో నాలుగు రోజులు ఇంట్లో ఉంటే పుల్లన్న గట్టెక్కుతాడు. జప్తులో పోతే వాగు ఒడ్డు వదిలి పోవాల్సిందే.

ఒక సాయంత్రం పొరుగింటి మేక నాంచారి వచ్చి, అలవాటు చొప్పున చూరు గడ్డి పీకబోతే మూడు కాగితాలు ఊడి పడ్డాయి. కాగితం తినేముందు ఒకసారి చదవడం నాంచారికి ఉన్న ఒకే ఒక్క మంచి అలవాటు. మూడోదాని ముందువైపు చదివి గతుక్కుమంది. జప్తు రేపే.

రేపేనా అని పుల్లన్న కూలబడ్డాడు. జంబయ్య వస్తే తనకు వద్దనడం చేతకాదనీ, నోరు దానంతటదే రమ్మనేస్తుందనీ, నాగలి పోయినట్టేననీ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

నాంచారి తోక విదిలించింది. "మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా. ఏడుపు తర్వాత, అన్నా. ఈ కాగితం వెనకవైపు ఎప్పుడైనా చూశావా?"

ముందువైపే చూడనివాడు వెనకవైపేం చూస్తాడు. చీమ తలకాయంత అక్షరాలతో అక్కడ మూడు ముక్కలున్నాయి. ఇంటివాడు పిలవనిదే బంట్రోతు గడప తొక్కరాదు. పొద్దుగుంకింది మొదలు పొద్దుపొడిచే దాకా జప్తు చెల్లదు. బాకీదారు తానే సభకొచ్చి తన కష్టం చెప్పుకుంటే వాయిదాలిస్తారు. నాంచారి మూడూ రెండేసిసార్లు చదివింది. ఈ మూడో ముక్క సభవాళ్లు ముందువైపు పెద్దక్షరాలతో రాస్తే వాళ్ల సొమ్మేం పోయిందో నాకు తెలియదు.

"ఇదంతా ఎవరూ చెప్పలేదే," అన్నాడు పుల్లన్న.

"అడగనిదే అమ్మైనా పెట్టదు. నువ్వు తెల్లారగట్ల లేచి సభకు పో. అరుగు సంగతి నేను చూసుకుంటా."

పుల్లన్న వెళ్లాడు. అతని నడక సంగతి తెలిసిందే. సభ లెక్కలు చూసే తాబేలు కూర్మయ్య సంగతి అంతకన్నా తెలిసిందే. ఒక ముద్ర వెయ్యడానికి ఒక పూట పడుతుంది. ఈ ఇద్దరి మధ్యా పని ఎప్పటికి పూర్తవుతుందా అని నాంచారికి లోపల గుబులుగానే ఉంది. అయినా పుల్లన్న అరుగు ఊడ్చి, చాప పరిచి, కొత్తకుండతో నీళ్లు పెట్టి కూర్చుంది.

మిట్టమధ్యాహ్నానికి జంబయ్య రానే వచ్చాడు. మొహం తుడుచుకున్నాడు. ఎండ మండిపోతోందన్నాడు. గుక్కెడు మంచినీళ్లు కావాలన్నాడు. నాంచారి అడిగినదానికి రెండింతలు పోసింది. చాప మీద కూర్చోమంది, విసనకర్ర అందించింది, వాళ్లమ్మ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని అడిగింది. నక్క అటూ ఇటూ చూసి, ఇక్కడ గాలాడటంలేదు, లోపల కూర్చుందామా అక్కా అన్నాడు.

"నేనెవర్ని తమ్ముడూ, పరాయి ఇంట్లోకి రమ్మనడానికి? ఇంటాయన సభకు వెళ్లాడు."

సభ అనేసరికి జంబయ్య చెవులు నిక్కాయి. అతను తెలివితక్కువవాడు కాదు. ఎద్దు సభ మెట్లెక్కితే వాయిదాల కాగితం తెస్తాడని వెంటనే తెలిసిపోయింది. కానీ సభ కాగితం ఏదైనా మర్నాడు పొద్దుపొడిచాకే చెల్లుతుందనీ తెలుసు. ఇవాళ పొద్దుగుంకేలోపు నాగలి తనదైతే రేపు ఎన్ని ముద్రలున్నా లాభం లేదు. పైగా పుల్లన్న నోటి సంగతి ఊరందరికీ తెలుసు. నక్క కాళ్లు బారజాపి, చేతిసంచి తలకింద పెట్టుకుని, పుల్లన్న మామ వచ్చేదాకా ఇక్కడే ఉంటానని పడుకున్నాడు.

నాంచారి అతనికి ఉడకేసిన శనగలు పెట్టింది. మజ్జిగ పోసింది. ఊళ్లోవాళ్ల కబుర్లన్నీ చెప్పింది, లేనివి రెండు కల్పించి చెప్పింది. పొద్దు మాత్రం కొండ మీదే వేలాడుతోంది. మధ్యలో సీతాలు పిల్లలతో అటుగా వెళ్తూ నక్కను చూసి తల తిప్పుకుంది.

పొద్దు కొండకు బెత్తెడు ఎత్తున ఉండగా పుల్లన్న వచ్చాడు. కొమ్ముకు కాగితం చుట్ట కట్టుకుని, పొద్దుట్నుంచీ నడిచి కాళ్లన్నీ దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాడు. జంబయ్య లేచి దణ్ణం పెట్టాడు.

"మధ్యాహ్నం నుంచీ నీకోసమే అరుగు మీద పడి ఉన్నాను మామా. ఎంత బంట్రోతునైనా నీ అల్లుడిలాంటివాణ్ణి. నీ ఇంట్లో లోపలికి రమ్మనే దిక్కే లేకపోయిందా?"

పుల్లన్న మొహం చిన్నబోయింది. ఆ మాట అతనికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నోరు తెరిచాడు. పూటంతా పోసిన మజ్జిగ, పెట్టిన శనగలు, పుల్లన్న నడిచిన నడక, అన్నీ ఆ ఒక్క మాటతో వాగులో కలిసేలా ఉన్నాయి.

"రమ్మనకుండా ఎలా ఉంటాను అల్లుడూ," అన్నాడు పుల్లన్న. "ముందు నా కాళ్లు కడుక్కుని, అప్పుడు రమ్మంటాను. బయట తిరిగొచ్చి, కాళ్లు కడుక్కోకుండా ఇంట్లోకి ఎవర్నైనా పిలుస్తామా?"

అది ఆ వాగు ఒడ్డున ఎవరూ తప్పని ఆచారం. పుల్లన్న చెంబు అందుకున్నాడు. ముందు కుడి ముంగాలు కడిగాడు. గిట్ట సందుల్లో మట్టి ఉందని పుల్లతో తీశాడు. మళ్లీ కడిగాడు. తర్వాత ఎడమ ముంగాలు. చెంబులో నీళ్లయిపోతే కుండ దగ్గరికి నడిచి వెళ్లి ముంచుకొచ్చాడు, అతని నడక అతనిదే. ఎద్దుకు నాలుగు కాళ్లుంటాయని జంబయ్యకు పుట్టి బుద్ధెరిగాక అంత బాగా ఎప్పుడూ తెలియలేదు. మూడో కాలు కడుగుతూ పుల్లన్న పోయిన కర్రన్న గురించి చెప్పుకొచ్చాడు. వాడికి కాళ్లు కడుక్కోవడం ఎంత ఇష్టమో చెబుతూ చెంబు కింద పెట్టి కళ్లు తుడుచుకున్నాడు. అది నాటకం కాదు. నక్క కాలుగాలిన పిల్లిలా అరుగు మీద ఈ చివరనుంచి ఆ చివరకు తిరుగుతున్నాడు.

నాలుగో కాలు తుడుచుకుని పుల్లన్న తలుపు బార్లా తీశాడు.

"ఇప్పుడు రా అల్లుడూ. లోపలికి రా."

మధ్యాహ్నం నుంచీ కాసుకుని ఉన్న మాట. వినీ వినగానే నక్క ఒక్క గంతులో లోపలికి దూరి, గోడకానించి ఉన్న నాగలి మీద చెయ్యి వేసి, సంచిలోంచి కాగితం తీసి రాయబోయాడు. అక్షరాలు కనబడలేదు. దీపం పెట్టమని కేకేశాడు. దీపం అన్నాక గాని అతనికి తట్టలేదు. గుమ్మంలోంచి చూస్తే కొండ మీద పొద్దు లేదు.

నాంచారి దీపం తెచ్చి గూట్లో పెట్టింది. జంబయ్య నాగలి మీంచి చెయ్యి తీసి, పోనీ గడప తొక్కినందుకు తన కుంచెడు బత్తెమైనా కొలవమన్నాడు.

పుల్లన్న పీట వాల్చి, ముందు విస్తరి వేశాడు. "పొద్దుగుంకాక వచ్చినవాడు బంట్రోతు కాదు అల్లుడూ, చుట్టం. చుట్టానికి బత్తెం ఉండదు, భోజనం ఉంటుంది. కూర్చో."

నక్క కూర్చున్నాడు. ఏం చేస్తాడు మరి. జొన్నసంగటి, గోంగూర పచ్చడి. తలెత్తకుండా తిన్నాడు. తినేటప్పుడు పుల్లన్న కొమ్ముకున్న కాగితం విప్పి వినిపించాడు. తాబేలు కూర్మయ్య అంతా విని, ఒంటెద్దు సంగతి ఇన్నాళ్లూ సభకు ఎందుకు చెప్పలేదని చివాట్లు పెట్టాడట. పది కుంచాలూ ఐదు పంటల్లో, పంటకు రెండేసి కట్టమని ముద్ర వేశాడట. వాయిదాలు తప్పనంత కాలం ఆ ఇంటికి జప్తూ లేదు, బత్తెమూ లేదు. జంబయ్య చెయ్యి కడుక్కుని, సంగటి బాగుందని మాత్రం చెప్పి, వచ్చిన దారినే పోయాడు. అతను కనుమరుగయ్యాక పుల్లన్న చిన్నపిల్లాడిలా నవ్వాడు. రెండేళ్లలో నవ్వడం అదే మొదలు.

మూడో రోజు తొలకరి పడింది. చుక్కన్న వచ్చి కాడి కింద మెడ పెట్టాడు. పొద్దుగుంకే వేళకు ఎకరం దున్నేశారు.

నాంచారి ఆ మూడు తాఖీదులూ తనకిచ్చెయ్యమంది. తినడానికేనని పుల్లన్న అనుకున్నాడు. రెండు తిన్నమాట నిజమే. మూడోది పట్టుకుని ఇంటింటికీ తిరిగి వెనకవైపు చదివి వినిపించింది. మొదట వెళ్లింది సీతాలు ఇంటికి. మర్నాడే సీతాలు పిల్లల్ని వెంటబెట్టుకుని సభ మెట్లెక్కింది. మొదటి వాయిదా కట్టాక తలుపు తిరిగి వచ్చింది, బందులు కాస్త వదులయ్యాయి గానీ మూస్తే పడుతోంది. ఇప్పుడు వాగు ఒడ్డున ఎవరింటికి బంట్రోతు వచ్చినా అరుగు మీద చాప వేసి, మంచినీళ్లిచ్చి, విసనకర్ర చేతికిచ్చి, ఇంటివాళ్లు సభకు బయల్దేరుతున్నారు. బత్తెం రాక జంబయ్య ఆ పని మానేశాడు. కట్ట మీద పందికొక్కులతో కలిసి మట్టి తట్టలు మోస్తున్నాడు, కుంచెడు జొన్నలకు ఎంత చెమటవుతుందో తెలుసుకుంటున్నాడు.

నీతి: గుమ్మంలోకొచ్చినవాడికి నీళ్లివ్వు, చేతికొచ్చిన తాఖీదు రెండువైపులా చదువు, చూరులో దోపిన బాకీ పెరుగుతుందే గాని తరగదు.