టీచరమ్మ చెప్పే తప్పు

మామిడితోట పశువులపాకలో సుభాషిణి అనే బాతు బడి నడిపేది. కోడిపిల్లలూ, మేకపిల్లలూ ఆవిడ విద్యార్థులు. రోజూ పాఠంలో కావాలనే ఒక తప్పు చెప్పడం ఆవిడ పద్ధతి. ముందుగా పట్టుకున్నవాళ్ళకి గుప్పెడు నూకలు.

"పిల్లలూ, గద్ద గడ్డి తింటుంది."

"తప్పు టీచర్! తప్పు!" అని పాక కప్పు లేచిపోయేలా అరిచేవారు పిల్లలు.

ఆ అరుపులకి నందయ్య ఎద్దుగారి మధ్యాహ్నం కునుకు కాస్తా గంగలో కలిసేది. తోటకంతా పెద్ద ఆయనే.

"ఏమ్మా, నీకు పాఠం రాదు, పిల్లలకి భయం లేదు. ఇదేం చదువు?" అన్నాడో రోజు.

"కావాలనే చెబుతున్నానండీ. నేను చెప్పినా సరే, ఆలోచించకుండా మింగకూడదని..."

"చాల్లే, చెప్పొచ్చావు!"

సరిగ్గా అప్పుడే ఊడిపడింది నక్క, ముక్కుమీద కళ్ళద్దాలతో.

"నమస్కారం పెదనాన్నగారూ. నన్ను పీతాంబరం మేష్టారంటారు. మాంసం ఎప్పుడో మానేశాను. నా క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది."

ఆ మాట వినగానే ఎద్దుగారికి హాయిగా ఆవలింత వచ్చింది. "రేపు నువ్వు చెప్పు బాబూ. బాగుంటే బడి నీదే."

సుభాషిణి కంగారుగా ముందుకొచ్చింది. ఉద్యోగం పోతే పోయింది, పిల్లల సంగతో! "అయ్యా, అది నక్కండీ!"

"నీకు కుళ్ళమ్మా" అనేశాడాయన. పాపం, ఆవిడకి ఏడుపొచ్చేసింది.

మర్నాడు సుభాషిణి గడ్డివాము చాటునుంచి చూస్తోంది. ఇన్నాళ్ళూ పిల్లలు నిజంగా నేర్చుకున్నారా, నూకల కోసం అరిచారా? అదే ఆవిడ బెంగ.

"నోళ్ళు మూసుకోండి!" అంది నక్క. అందరూ మూసుకున్నారు. ఎద్దుగారు గురక మొదలెట్టాడు.

"మొదటి పాఠం. నక్క కోళ్ళకి మేనమామ. దాని కోరలున్నది నవ్వడానికి. మిగతాది చెరకుతోటలో చెబుతా, వరసగా నా వెంట రండి."

ఎవరూ నోరు మెదపలేదు. అయిపోయిందిరా దేవుడా అనుకుంది సుభాషిణి.

ఓ బుల్లి కోడిపిల్ల లేచింది. "మేష్టారూ, మేనమామ అన్నారే, అది తప్పు."

"కూర్చోవే!"

"కోరల సంగతీ తప్పే!" అంది మేకపిల్ల.

"చెరకుతోటలో బడేంటి? అది మరీ తప్పు!" ఇక పాకంతా ఒకటే గోల. "తప్పు! తప్పు!"

నక్కకి ఒళ్ళు మండింది. నోరు తెరిచి కోడిపిల్ల మీదకి దూకింది. గోలకి మెలకువ వచ్చిన ఎద్దుగారికి ఎదురుగా కోరలు కనబడ్డాయి.

"చూడు తాతా, మేష్టారు నవ్వుతున్నారా?" అని కీచుమంది కోడిపిల్ల.

ఎద్దుగారు కొమ్ముతో ఒక్క కుమ్ము కుమ్మితే నక్క కంచె అవతల పడింది. "పొరపాటైపోయింది తల్లీ, నీ బడి నువ్వే చూసుకో" అన్నాడాయన సుభాషిణితో, తల దించుకుని.

పిల్లలు మాత్రం కంచెదాకా పరిగెత్తారు. "మేష్టారూ! అన్ని తప్పులు పట్టుకున్నాం, మా నూకలేవీ?" కుంటుతున్న పీతాంబరం మేష్టారు వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు.

నీతి: పంతులు ఏం చెప్పినా తలూపే పిల్లలకి మార్కులు రావచ్చు గానీ, నక్క వస్తే ప్రాణాలు దక్కవు.