గాలిపల్లకిలో శత్రువు

వెనకటికి ఒక కొండరాజ్యంలో గాలిపల్లకి ఉండేది. పెద్ద గుడ్డసంచిలో వేడిపొగ నింపితే, కింద కట్టిన పల్లకి జనంతో సహా లోయ దాటేది. శత్రువులెవరైనా ఎక్కుతారేమోనని దళవాయి భుజంగరాయుడు ప్రతివాళ్ల మూటా విప్పించి వెతికించేవాడు.

ఆ గుడ్డ కుట్టే కూర్మయ్య, నిరుడు అది గాలిలో చిరిగినప్పుడు లోయలో పడి చనిపోయాడు. దళవాయి "విధిరాత" అని ఊరుకున్నాడు.

అతని పని భార్య అచ్చెమ్మ మీద పడింది. అదే గుడ్డకు అతుకులు వేయమన్నారు. సూది గుచ్చితే చాలు, పోగులు విడిపోతున్నాయి. పల్లకి లేచే రోజున పదిమంది ఎక్కి కూర్చున్నారు. గుడ్డ చివికింది, పల్లకి లేపొద్దని ఆమె దళవాయి కాళ్లు పట్టుకుంది.

"మొగుడు పోయి నీకు మతి చెడింది. పో అవతలికి!" అన్నాడతను.

అచ్చెమ్మ కళ్లు తుడుచుకుని గొంతెత్తి అరిచింది. "పల్లకిలో శత్రువున్నాడు!"

క్షణంలో వందమంది భటులు చుట్టుముట్టి అందరినీ దింపేశారు. రాజుగారే పరుగున వచ్చారు.

"ఏడీ శత్రువు?"

అచ్చెమ్మ రెండు వేళ్లతో గుడ్డను లాగింది. అది నిలువునా చిరిగింది. "వీడే ప్రభూ. మా ఆయన్ని చంపినవాడు."

"గుడ్డ చివికిందని ఉన్నమాట చెప్పొచ్చుగా?"

"మా ఆయన ఆ మాటే మూడుసార్లు చెప్పాడు ప్రభూ. ఒక్క భటుడూ రాలేదు."

రాజుగారు తలదించుకున్నారు. దళవాయి కొలువు ఊడింది, కొత్త గుడ్డ వచ్చింది. ఊరంతా అచ్చెమ్మ తెలివిని మెచ్చుకుంది. ఆ తెలివి తనకు నిరుడే రాలేదే అని ఆమె మాత్రం బతికినన్నాళ్లూ కుమిలిపోయింది.