మాట పూర్తిచేసే చిలుక

అనగనగా, చెప్పేవాడికే తెలియదు గనుక ఎవరూ అడగకూడని కాలంలో, పేరిభట్టు అనే కవి ఉండేవాడు. చెరువులో కప్ప దూకినా పద్యం చెప్పేవాడు. వినేవాళ్ళూ దూకేవాళ్ళు, గోడ మీంచి అవతలికి.

అలాంటివాడికి పద్యం రావడం మానేసింది. మొగలిదీవిని చూస్తే మూగవాడికైనా కవిత్వం పుడుతుందని ఎవరో చెప్పారు. అంతకుముందు వెళ్ళిన కవులు ముగ్గురూ ఆ అందం వదలలేక అక్కడే ఉండిపోయారట. భార్య నిండు చూలాలు. వద్దంది. "పురుడు వచ్చేలోగా వచ్చేస్తాగా," అని పడవెక్కాడు.

దీవిలో దిగాడు. పచ్చని నీళ్ళు, తెల్లని ఇసుక, నీటిమీదికి వంగిన కొబ్బరిచెట్లు. అన్నీ చూశాడు. ఏమీ అనిపించలేదు. గుండెమీద చెయ్యి వేసుకుని మళ్ళీ చూశాడు. ఉహూఁ.

అంతలో దీవికి పెద్దదిక్కు పోలమ్మ, భుజంమీద చిలుకతో వచ్చింది.

"దండాలు అయ్యవారూ. మా దీవిని చూసి ఇంతవరకూ ఎవరూ అనని మాట ఒక్కటి అనండి, తిరుగుపడవ ఎక్కిస్తాం. అనలేకపోతే ఇక్కడే కొబ్బరికాయలు ఒలుచుకుంటూ ఉండాలి. మా ఆచారం అది. పాతమాటైతే మా చిలుక పూర్తిచేసేస్తుంది."

పేరిభట్టు నవ్వి, గొంతు సవరించుకున్నాడు. "ఈ కొబ్బరాకులు..."

"వనదేవతకు వింజామరలు," అంది చిలుక.

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. సరిగ్గా అదే అనబోయాడు మరి.

"ఈ ఇసుక..."

"పరిచిన వెన్నెల."

పేరిభట్టు ఆఖరి అస్త్రం తీశాడు. "స్వర్గమే..."

"దిగివచ్చింది. ఇంకేమైనా ఉందా?" అంది చిలుక విసుగ్గా.

చెట్ల వెనక ఎవరో కిసుక్కుమన్నారు. చూస్తే ఆ ముగ్గురు కవులు. నేలలో పాతిన గునపాలకు కాయలు గుచ్చి ఒలుస్తున్నారు.

"రావయ్యా పేరిభట్టూ, నీకూ ఒక గునపం పాతాం," అన్నాడు అందులో పెద్దాయన.

పేరిభట్టు ఇసుకలో కూలబడ్డాడు.

"అమ్మా, ఉన్నమాట చెబుతాను. మీ దీవి అందంగానే ఉంది. నాకే ఏమీ అనిపించడం లేదు. ఆ సముద్రాన్ని చూస్తే మా ఇల్లు ఎంత దూరమైపోయిందో అనిపిస్తోంది. అంతే."

చిలుక నోరు తెరిచింది. మాట రాలేదు. మెడ అటు తిప్పింది, ఇటు తిప్పింది. పోలమ్మ నిర్ఘాంతపోయింది. ఆ చిలుక తడుముకోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"పడవ తీయండ్రా," అంది మెల్లగా.

అది విని ముగ్గురు కవులూ పరుగెత్తుకొచ్చారు. "మాకూ ఏమీ..." అన్నారు ఒక్క గొంతుతో.

"అనిపించడం లేదు," అంది చిలుక.

ఇద్దరు తలలు వంచుకుని గునపాల దగ్గరికి నడిచారు. పెద్దాయన మాత్రం కదల్లేదు. "నాకు ఈ చేపల వాసన పడదమ్మా. కవినై ఉండి ఆ మాట అనడానికి సిగ్గేసింది," అన్నాడు.

చిలుక కిక్కురుమనలేదు. పడవలో ఇంకొకరికి చోటు చేశారు.

కనుక పిల్లలూ, అరువు తెచ్చుకున్న మాటను చిలుకైనా పూర్తిచేస్తుంది. మనసులో ఉన్న నిజాన్ని మాత్రం ఎవరిది వారే చెప్పుకోవాలి.