నూకాలు పరమాణు వంట

కొండపేటలో తెలివంటూ ఉంటే అది తమ ఇంట్లోనే ఉందని నూకాలు నమ్మకం. ఊరికే గొప్పలు పోవడం కాదు, ఆమె దగ్గర రుజువులున్నాయి. పొయ్యి మీద పాలు చూస్తుండమని అత్తగారు చెబితే, చివరి చుక్క పొంగి పొయ్యిలో పడేదాకా రెప్ప వెయ్యకుండా చూసిన మనిషి తను. మొగుడు గవరయ్యని బస్సులో కండక్టరు "లోపలికి జరుగు, ఇంకా జరుగు" అన్నాడు. ఇంకేముంది, ముందు తలుపులోంచి ఎక్కినవాడు జరిగి జరిగి వెనక తలుపులోంచి దిగిపోయి, చెప్పిన మాట విన్నానన్న తృప్తితో ఇంటికి నడుచుకుంటూ వచ్చాడు. మరిది ఎర్రన్నని తల కదపొద్దని సెలూన్‌వాడు అంటే మూడు రోజులు కదపలేదు. మళ్ళీ కదుపుకోమని చెప్పకపోవడం ఆ సెలూన్‌వాడి తప్పు గాని ఎర్రన్నది కాదు.

ఇంత తెలివి పెట్టుకుని వాళ్ళు చేసేది వంటపని. ఊళ్ళో ఎవరింట శుభకార్యమైనా వండి పెట్టాలి, అదే బతుకు. ఈ ఏడు మాత్రం ఒక్కరూ పిలవలేదు. ఇంకో నెల ఇలాగే ఉంటే ఇల్లు మూసి, పట్నంలో ఆడపడుచు ఇంటికెళ్ళి అంట్లు తోమాలి. ఆ ఆడపడుచు నోరు తలుచుకుంటేనే నూకాలుకి ఏడుపొచ్చేది.

అలాంటప్పుడు ప్రెసిడెంటు సింహాద్రినాయుడు ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు. ఊరి హైస్కూల్లో నలభై రోజుల సైన్సు శిబిరమట. కాలేజీలో పాఠాలు చెప్పే సువర్ణ మేడం పదిమందితో దిగిందట.

"రేపు ఒంటిగంటకల్లా వాళ్ళకి వేడి అన్నం, వేడి పప్పు పడాలి. మేడం బాగుందంటే నలభై రోజుల వంటా మీదే. లేదంటే పట్నం వంటవాణ్ణి పిలిపిస్తాను. పొద్దున్న మేడం పాఠానికి ఊరంతా రావాలి, మీరూ రండి" అన్నాడు.

వెళ్ళారు. ముందు వరసలో కూర్చున్నారు.

మేడం చక్కగా చెప్పింది. లోకంలో ప్రతిదీ పరమాణువులతోనే అయిందనీ, ఒక్కొక్క దాని నడిమధ్య కేంద్రకం ఉంటుందనీ చెప్పింది. యురేనియంలాంటి బరువైన కేంద్రకాన్ని న్యూట్రాననే చిన్న రేణువు వచ్చి కొడితే అది రెండు ముక్కలవుతుంది, బోలెడు వేడి పుడుతుంది. అందులోంచి ఇంకో రెండు మూడు న్యూట్రాన్లు బయటపడి పక్కవాటిని కొడతాయి, అవి ఇంకొన్నిటిని కొడతాయి. మరీ ఎక్కువైతే మధ్యలోకి కడ్డీలు దించాలి, అవి న్యూట్రాన్లని మింగేసి జోరు తగ్గిస్తాయి.

"ఇలా పుట్టే వేడి ముందు బండ్లకొద్దీ బొగ్గూ కట్టెలూ దేనికీ కొరగావు" అంది మేడం.

అంతే. నూకాలు లేచి ఇంటికొచ్చి, చూరు కింద పేర్చిన కట్టెలన్నీ పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది. కొరగానివి ఇంట్లో ఎందుకు? పప్పు దేగిసా, అన్నం దేగిసా నీళ్ళు పోసి ఖాళీ పొయ్యిల మీద పెట్టింది.

"ఇక కొట్టండి" అంది.

గవరయ్య ఆవగింజ తెచ్చి రోకలితో కొట్టాడు. ఆవగింజ ఎగిరి ఎటో పోయింది. ఇంకోటి కొట్టాడు. రోకలి ఎర్రన్న కాలి మీద పడింది. వేడి పుట్టలేదు గాని ఎర్రన్న చాలాసేపు గెంతాడు.

"ఆవగింజ తేలిక. మేడం బరువైనదాన్ని కొట్టమంది గదా" అన్నాడు గెంతుతూనే.

"మన ఊళ్ళో అన్నిటికంటే బరువైనదేటి?" అడిగింది నూకాలు.

ముగ్గురూ ఒకేసారి ఆలోచించి ఒకేసారి చెప్పారు. సింహాద్రినాయుడు. నూటపది కిలోలు, అదీ పొద్దున టిఫిన్‌కి ముందు.

ఎర్రన్న కుంటుకుంటూ వెళ్ళాడు. రచ్చబండ దగ్గర నలుగురితో మాట్లాడుతున్న ప్రెసిడెంటు వీపు మీద ఒక్కటిచ్చాడు. ప్రెసిడెంటు రెండు ముక్కలు కాలేదు. కాని గిర్రున తిరిగి, కొట్టిందెవరో తెలియక పక్కనున్న ఇద్దర్నీ చెరొకటి పీకాడు. ఆ ఇద్దరూ ప్రెసిడెంటుని తిరిగి కొట్టలేక తమ వెనకున్న నలుగుర్ని వాయించారు. నలుగురు ఎనిమిది, ఎనిమిదిమంది పదహారు. పావుగంటలో ఊరు ఊరంతా కొట్టుకుంటోంది.

"అందుకుంది వదినా. మొహాలు చూడు, ఎలా ఎర్రబడ్డాయో" అంటూ వచ్చాడు ఎర్రన్న.

నూకాలు పప్పు దేగిసా తెచ్చి గుంపు మధ్యలో పెట్టి, నీళ్ళలో వేలు ముంచి చూసింది. చల్లగానే ఉన్నాయి. పైగా ఎవరిదో చెప్పు వచ్చి పప్పులో పడింది.

"మరీ ఎక్కువైనట్టుంది. కడ్డీలు దించాలి" అన్నాడు గవరయ్య. ఇనప కడ్డీలు రెండు భుజానేసుకుని, "దించుతున్నాను, దించుతున్నాను" అంటూ గుంపులోకి దూరాడు. కడ్డీలు పట్టుకుని వస్తున్నవాణ్ణి చూసి జనం కొట్టుకోవడం ఆపేశారు. అందరూ కలిసి గవరయ్యని కొట్టడం మొదలెట్టారు. ఆ దెబ్బలన్నీ వాడే మింగాడు. కడ్డీలు పనిచేశాయి కదా అని వాడికి ఒంటినొప్పుల్లోనూ సంతోషమే.

అప్పటికి పన్నెండు దాటింది. మేడం చివర్లో ఇంకో మాటా చెప్పింది, అది నూకాలుకి గుర్తొచ్చింది. పగలగొట్టడం కంటే కలపడంలో ఎక్కువ శక్తి ఉందట. అన్నిటికంటే తేలికైన హైడ్రోజన్ కేంద్రకాలు రెండు ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వవట, తోసేసుకుంటాయట. విపరీతమైన వేడిలో, ఒత్తిడిలో పెడితే కలిసిపోతాయట. కలిశాక బరువు కాస్త తగ్గుతుందట, ఆ తగ్గిన బరువే వేడయి బయటికొస్తుందట.

"తేలికైనవాళ్ళు ఇద్దరు, ఒకళ్ళంటే ఒకళ్ళకి పడకూడదు" అంది నూకాలు.

ఇంకేముంది, తవిటమ్మా గున్నమ్మా దొరికారు. ఇద్దరూ డెబ్బై దాటినవాళ్ళు, గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటారు. కోడిపెట్ట ఎవరిదన్న తగువులో పన్నెండేళ్ళుగా మాటల్లేవు. అన్నదమ్ములు ఇద్దర్నీ ఎత్తుకొచ్చి బియ్యం కాటా మీద నిలబెట్టి తూచారు. డెబ్బై ఒక్క కిలోలు. తరవాత ఖాళీ ధాన్యం గాదెలోకి దించి, వేడి కోసం నాలుగు బొంతలు కప్పి, ఒత్తిడి కోసం పైనెక్కి కూర్చున్నారు.

"కలిశారా?" అనడిగింది నూకాలు గాదెకి చెవి ఆనించి.

లోపల్నించి ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడం వినిపించింది. కాసేపటికి తిట్లు ఇద్దరివీ ఒకే దారిలో పడ్డాయి. ఇద్దరూ కలిసి గవరయ్య తాతముత్తాతల్ని ఒక్క గొంతుతో కడుగుతున్నారు. కలిశారనుకుని మూత తీశారు. తూచి చూస్తే డెబ్బైన్నర. తవిటమ్మ చుట్టల డబ్బా, గున్నమ్మ తమలపాకుల సంచీ గాదెలోనే ఉండిపోయాయి లెండి. ఆ సంగతి చూసుకోలేదు.

"అరకిలో తగ్గింది. ఇప్పుడొస్తుంది వేడి" అన్నాడు ఎర్రన్న.

వచ్చింది. ఇద్దరు ముసలమ్మలూ రెండు చీపుళ్ళు అందుకున్నారు. ప్రెసిడెంటుని కొట్టినప్పుడు పుట్టినదానికంటే ఇది ఎన్ని రెట్లో ఎక్కువని గవరయ్య తరవాత ఒట్టేసి చెప్పాడు. మేడం మాట అక్షరాలా నిజమట.

సరిగ్గా ఒంటిగంటకి మేడం పదిమందితో వచ్చింది. పొయ్యిలో నిప్పు లేదు, పప్పులో చెప్పుంది. వెనకాలే ప్రెసిడెంటు వీపు తడుముకుంటూ నిలబడి, పట్నం వంటవాడికి ఫోన్ చేయబోతున్నాడు. నూకాలు నేల మీద కూలబడి భోరుమంది. నలభై రోజుల వంట పోయిందనీ, ఆడపడుచు ఇంట్లో అంట్లు తప్పవనీ, తను మేడం చెప్పినట్టే చేశాననీ ఏడుస్తూనే అంతా చెప్పింది.

మేడం ముందు నవ్వాపుకోలేకపోయింది. తరవాత జాలిపడింది.

"ఊరుకో అమ్మా. పప్పు మళ్ళీ కడిగి పెట్టుకో. నాలుగింటి దాకా మేం ఆకలి ఓర్చుకుంటాం. అప్పటికి వేడిగా పెడితే ఈ వంట నీదే, నేను చెబుతాను ప్రెసిడెంటుగారికి" అంది. "అయినా ఆ కలపడం మన చేతుల్లో అయ్యే పని కాదు. అది జరిగేది అదిగో, పైన సూర్యుడిలో. మనకొచ్చే వెచ్చదనమంతా అక్కణ్ణించే."

నూకాలు కళ్ళు తుడుచుకుని పైకి చూసింది. ఇంత పెద్ద పొయ్యి ఎప్పట్నించో వెలుగుతూ ఉంటే, తాము కింద కూర్చుని ఆవగింజలు కొట్టారా అని సిగ్గేసింది. పక్కింటావిడ జాలిపడి కట్టెలు వెనక్కి తెచ్చిచ్చింది. నూకాలు అక్కర్లేదంది.

మేడం బడికెళ్ళగానే నూకాలు పప్పు కడిగి కొత్తనీళ్ళు పోసింది. అన్నదమ్ములు రెండు దేగిసాలూ కావడికి కట్టి భుజానెత్తుకున్నారు. సూర్యుడు పడమటికి కిందకి దిగుతున్నాడు, అంటే అందేలా వస్తున్నాడన్నమాట. అటే నడిచారు. ఒక ఊరు దాటారు, రెండూళ్ళు దాటారు. నాలుగయింది. కొండపేటలో మేడం గుమ్మం వైపు చూసి చూసి, నాలుగు అరటిపళ్ళు తిని, పట్నం వంటవాణ్ణి పిలవమంది. ఆ సంగతి వీళ్ళకెవరు చెబుతారు? వీళ్ళు మూడో ఊరు దాటి కొండవాలు ఎక్కుతున్నారు.

పొద్దుగూకే వేళకి ఎదురుగా సూర్యుడు ఎర్రబడి, మెల్లగా మసకబారాడు. గవరయ్య ఆగి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"నూకాలూ, మంట తగ్గించేస్తున్నారే" అన్నాడు కంగారుగా.

"తగ్గించనీ" అంది నూకాలు గరిటె నడుముకి దోపుకుంటూ. "పప్పుకి సన్నసెగే మంచిది. నడవండి."