షావుకారు కొన్న పికప్ బండి

కొండమీది సంతకు ఉప్పు బస్తాలు చేరవేయడానికి షావుకారు గవర్రాజు పికప్ బండి కొనదలిచాడు. ఎవరినీ నమ్మడు కనుక ప్రతి సంతకూ డ్రైవరు పక్కన తానే కూర్చుని వెళతాడు.

"డీజిలు బండి మోత నా హోదాకు తగదు. పెట్రోలుదే కొంటాను," అన్నాడు.

"బరువుతో ఘాట్ ఎక్కాలంటే డీజిలే మేలండి," అన్నాడు డ్రైవరు పైడయ్య.

"నాకే చెప్తావురా? పెట్రోలు బండి దారిలో ఆగిందా, నీ ఉద్యోగం ఊడినట్టే!"

పైడయ్య చేతులు కట్టుకున్నాడు. "చిత్తమండి. ఆగితే ఎవరో ఒకరు దిగి తోయాలి కదండీ. బండిలో ఉండేది మనమిద్దరమే. నేను స్టీరింగు వదిలితే లోయలో పడతాం. మరి తోసేదెవరండి?"

షావుకారు కొండ వంక చూశాడు, తన బొజ్జ వంక చూసుకున్నాడు.

"డీజిలు మోత మరీ అంత ఎక్కువేం కాదులేరా," అన్నాడు.

చెమట తనకు పట్టనంతసేపే మనిషికి డాబు.