బాయిలర్‌కి నీళ్ళొదిలిన సన్యాసిరావు

లంబసింగి అవతల కొండ మీద జగన్నాథరాజుగారి బంగళా ఉంది. దాన్ని కనిపెట్టుకుని ఉండేది సన్యాసిరావు, అతని పెళ్ళాం నీలవేణి, తమ్ముడు పైడియ్య. ఈ ముగ్గురికీ ఉన్నంత తెలివి మన్యం మొత్తంలో ఇంకెవరికీ లేదు. ఈ మాట ఎవరన్నారని అడక్కండి, వాళ్ళే అన్నారు. తండ్రి పోతూ పోతూ "ఇకనైనా తెలివిగా బతకండిరా" అన్నాడట. ఆయన పోయేదాకా ఆగి, మర్నాటినుంచి మొదలుపెట్టారు. వానలో గొడుగు తడిసి పాడైపోతుందని సన్యాసిరావు దాన్ని చొక్కా లోపల దాచుకుని నడిచేవాడు. అంత తెలివి.

ఆ బంగళాలో వంటింటి గోడకి ఒక బాయిలర్ ఉంది. నీళ్ళు కాచి, గొట్టాల్లోంచి గదిగదికీ పంపి, ఇల్లంతా వెచ్చగా ఉంచడం దాని పని. మార్గశిర మాసం చలిలో ఒక పొద్దున అది చల్లబడి ఊరుకుంది. సరిగ్గా అప్పుడే రాజుగారు ఫోన్ చేశారు.

"రేపు అమ్మని తీసుకొస్తున్నాను. ఎనభై ఏళ్ళ మనిషి, చలిని తట్టుకోలేదు. ఇల్లు వెచ్చగా లేకపోతే మీ ముగ్గురూ మూటాముల్లే సర్దుకుని కొండ దిగిపోవడమే."

పదమూడేళ్ళుగా ఆ కొండే వాళ్ళ ఊరు. దిగితే తల దాచుకోడానికి కింద పూరిపాక కూడా లేదు.

సన్యాసిరావు వెంటనే నర్సీపట్నంలో ఉన్న మెకానిక్ వరహాలుకి ఫోన్ చేశాడు.

"ప్రెషర్ పడిపోయుంటది, సూడండి," అన్నాడు వరహాలు.

ఇంకేముంది, ముగ్గురూ నేల మీద బోర్లాపడి వెతికారు. బాయిలర్ కింద చీపురు పెట్టి ఊడిస్తే ఒక చొక్కా గుండీ, రెండు ఎండుమిరపకాయలు దొరికాయి.

"పడిపోయిందంటే ఈటిలో ఏది బాబూ?" అని అడిగాడు సన్యాసిరావు.

వరహాలు "నేల మీద కాదయ్యా. లో ప్రెషర్. ప్రెషర్ తగ్గిపోయింది," అన్నాడు.

"ఓస్, అదా," అంది నీలవేణి. "మా పిన్నికీ అదే జబ్బు. ఉప్పేసిన మజ్జిగ తాగించి, కాళ్ళు ఎత్తుగా పెట్టి పడుకోబెట్టమన్నాడు డాట్రు."

అంతే. చెంబుడు మజ్జిగలో గుప్పెడు ఉప్పు కలిపారు. నోరెక్కడో తెలియక నెత్తిన పోశారు. మజ్జిగంతా కిందకి కారింది.

"వాంతి సేసుకుంది పాపం," అన్నాడు పైడియ్య.

కాళ్ళు ఎత్తుదామంటే గోడకి బిగించేశారాయె. పోనీ నోటికి ఉప్పూ కారమూ తగిలితే లేస్తుందని, ముందున్న, ప్రెషర్ చూపించే గుండ్రటి అద్దమే నోరనుకుని దానికి నిమ్మకాయ ఊరగాయ దట్టంగా పట్టించారు. అయినా లేవలేదు. మళ్ళీ ఫోన్ చేశాడు సన్యాసిరావు.

"ముల్లు ఎక్కడుంది?" అన్నాడు వరహాలు.

"మాకెవరికీ కాళ్ళలో నేదు బాబూ."

"అద్దంలో ముల్లయ్యా. ముల్లు ఒకటికీ రెండుకీ మద్దెన నిలబడాల. దానికి నీళ్ళొదిలెయ్యండి, అంతే. ఇంకేం సెయ్యక్కర్లేదు."

సన్యాసిరావు ఫోన్ పెట్టేసి గోడకి చేరబడిపోయాడు. "నీళ్ళొదిలెయ్యమన్నాడే. ఇంకేం సెయ్యక్కర్లేదంట."

"పోయిందేటి?" అంది నీలవేణి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"పోయింది."

పైడియ్య బావురుమన్నాడు. నిజం చెప్పాలంటే సన్యాసిరావూ ఆపుకోలేక ఏడ్చాడు. పదమూడు చలికాలాలు తమని వెచ్చగా కాచిన జీవం అది. కన్నతండ్రి పోయినప్పుడు కూడా అతను అంత ఏడవలేదు. అయినా చెయ్యాల్సిన పని చెయ్యాలి కదా. గోడ గడియారం ముల్లు ఒకటికీ రెండుకీ మధ్యకి రాగానే తలారా చన్నీళ్ళు పోసుకుని, తడిబట్టతో దక్షిణం తిరిగి నిలబడి, చేతిలో నువ్వులు వేసుకుని బాయిలర్‌కి నీళ్ళొదిలాడు.

"గోత్రం ఏటన్నియ్యా?" అన్నాడు పైడియ్య.

"ఇనపగోత్రం."

మైల కదా, పొయ్యి కూడా వెలిగించలేదు. ఇల్లు మంచుగడ్డయి కూర్చుంది.

మర్నాడు రాజుగారి కారొచ్చేసరికి ముగ్గురూ వాకిట్లో వరసగా కూర్చుని వణుకుతూ ఏడుస్తున్నారు.

"ఎవరు పోయార్రా?" అన్నారు రాజుగారు కంగారుగా.

"బాయిలరుగారు, బాబూ."

ఆ ఫోన్ల మీద అనుమానమొచ్చి వరహాలు రాజుగారికి చెబితే, దారిలో అతన్ని కూడా ఎక్కించుకొచ్చారు కాబట్టి సరిపోయింది. అతను అద్దం మీది ఊరగాయ తుడిచి, కిందున్న కుళాయి తిప్పాడు. నీళ్ళు బుడబుడమంటూ ఎక్కాయి, ముల్లు లేచి ఒకటి దాటి నిలబడింది, కుళాయి కట్టేశాడు. గంటలో ఇల్లు వెచ్చబడింది. రాజుగారు మూట మాట ఎత్తబోతుంటే వాళ్ళమ్మ సుభద్రయ్యమ్మగారు అడ్డుపడ్డారు.

"ఉండనీరా. ఇనపముక్క కోసం ఇంతలా ఏడ్చారు, మనసున్న మనుషులు. నేను పోతే నువ్వు ఇందులో సగం ఏడుస్తావో లేదో."

రాజుగారు మెత్తబడ్డారు, కానీ వదల్లేదు. "సన్యాసీ, ఇంకోసారి ప్రెషర్ పడిపోతే ఏం చేస్తావో చెప్పు. తప్పు చెప్పావో, కొండ దిగుడే."

"ముల్లు లేచి ఒకటి దాటేదాకా నీళ్ళు ఎక్కించాల బాబూ. దాటగానే కట్టెయ్యాల."

"ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకో, చాలు."

సన్యాసిరావు గుర్తుపెట్టుకున్నాడు. అన్నం తింటూ కూడా అదే గొణుక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నే రాజుగారు కాఫీతోట చూడ్డానికి వెళ్ళారు. సుభద్రయ్యమ్మగారు మంచం మీద లేచి కూర్చుని తల పట్టుకున్నారు.

"ఒరే సన్యాసీ, కళ్ళు తిరుగుతున్నాయిరా. ప్రెషర్ పడిపోయినట్టుంది. కాస్త ఉప్పేసి మజ్జిగ పట్రా."

నీలవేణి లేవబోయింది. సన్యాసిరావు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉప్పు మజ్జిగ మొన్నే పోసి సూసేం అమ్మగారూ. అది పన్జెయ్యదు."

ఇంకేముంది, పైడియ్య పరిగెత్తి మొక్కలకి నీళ్ళు పెట్టే గొట్టం తెచ్చి వంటింటి కుళాయికి తగిలించాడు. అమ్మ కేక విని రాజుగారు తోటలోంచి పరిగెత్తుకొచ్చేసరికి పరుపు తేలుతోంది. సుభద్రయ్యమ్మగారు తలనుంచి కాళ్ళదాకా కారుతూ కూర్చున్నారు. పైడియ్య ఆవిడ చుట్టూ తిరుగుతూ అద్దం కోసం వెతుకుతున్నాడు.

"ఇంకొంచెం ఓర్సుకోండి అమ్మగారూ," అంటున్నాడు సన్యాసిరావు గొట్టం వదలకుండా. "మీ ముల్లెక్కడుందో సెప్పండి సాలు, ఒకటి దాటగానే కట్టేత్తాను."